ఓటు లెక్క, ఊరి భయం

అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి నాలుగు ఎన్నికలను పక్కపక్కన పెట్టుకుని చూస్తే, ఓటు పద్ధతుల గురించి పండితులు వేసే ప్రశ్నల్లో సగం అందులోనే దొరుకుతాయి. 1952లో ఆయన మద్రాసు శాసనసభకు అనంతపురం నుంచి పోటీచేసి, బావమరిది, కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి చేతిలో ఓడిపోయారు. అప్పటికి ఆంధ్రలో కాంగ్రెస్ కమిటీ అధ్యక్షుడు ఆయనే. 1969లో రాష్ట్రపతి పదవికి కాంగ్రెస్ అధికార అభ్యర్థిగా నిలబడి, రెండో ప్రాధాన్య ఓట్ల దాకా సాగిన లెక్కింపులో వి.వి.గిరి చేతిలో ఓడారు. 1977 లోక్‌సభ ఎన్నికల్లో రాష్ట్రంలోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్ గెలుచుకుంటే, మిగిలిన ఒక్క నంద్యాలలో జనతా తరఫున గెలిచింది ఆయనే. అదే ఏడాది జూలైలో రాష్ట్రపతి పదవికి 37 నామినేషన్లు దాఖలు కాగా, 36 పరిశీలనలోనే తిరస్కరణకు గురయ్యాయి. సంజీవరెడ్డి ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు.

నాలుగూ చట్టం ప్రకారం జరిగినవే. మొదటిది అందరికీ తెలిసిన పద్ధతి, ఎక్కువ ఓట్లు వచ్చినవారే విజేత. రెండోది ప్రాధాన్య ఓటు. మూడోదాంట్లో ఓట్లకూ సీట్లకూ పొంతన లేదు. నాలుగోదాంట్లో అసలు ఓటే పడలేదు. వీటిలో ఏది న్యాయం, ఎంతవరకు న్యాయం?

మనకు అలవాటైన కొలత గెలిచినవారి మెజారిటీ. ఓట్ల లెక్కింపు రోజు టీవీల ముందు, టీ కొట్ల దగ్గర వినిపించేది అదే అంకె. నేను మాత్రం ఓడినవారికి ఓటేసిన మనిషి దగ్గర నుంచి మొదలుపెట్టాలంటాను. ఆ ఓటు ఎక్కడికి పోయింది? ఆ ఓటు వేసినందుకు మర్నాడు ఆ మనిషికి ఏమైంది? మొదటిది లెక్కకు సంబంధించిన ప్రశ్న, రెండోది భయానికి సంబంధించిన ప్రశ్న. ఎన్నికల పద్ధతుల మీద పుస్తకాలన్నీ దాదాపు మొదటిదాని చుట్టూ తిరుగుతాయి. ఫ్యాక్షన్‌ను చూసిన ఈ కరవు పీఠభూమిలో రెండోదాన్ని పక్కన పెట్టి మాట్లాడితే సగం నిజమే మాట్లాడినట్టు.

లెక్కతోనే మొదలుపెడదాం. 2019 శాసనసభ ఎన్నికల్లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు దాదాపు 50 శాతం ఓట్లు, 175లో 151 సీట్లు వచ్చాయి. తెలుగుదేశానికి 39 శాతం ఓట్లు, 23 సీట్లు. ఐదేళ్లు తిరిగేసరికి వైఎస్సార్ కాంగ్రెస్‌కు అదే 39 శాతం, ఈసారి 11 సీట్లు. ఓట్ల దామాషాలో పంచి ఉంటే రెండుసార్లూ ఓడిన పక్షానికి 68, 69 సీట్లు వచ్చేవి. జనసేనకు 2019లో ఐదున్నర శాతం ఓట్లకు ఒక్క సీటు దక్కింది. 2024లో తెలుగుదేశంతో పొత్తు కుదిరి, ఏడు శాతానికి కొంచెం తక్కువ ఓట్లతోనే పోటీచేసిన 21కి 21 గెలిచింది. జనం మనసు మారింది కొంత, సీట్లు తారుమారైంది కొండంత. ఉమ్మడి అనంతపురంలోని 14 స్థానాల్లో ఈ ఊపు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2014లో తెలుగుదేశానికి 12, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 2. 2019లో సరిగ్గా తలకిందులు. 2024లో ఆ పొత్తు కూటమికి 14కి 14.

ఈ ఊపుకో మేలు ఉంది, దాన్ని తక్కువ చేయకూడదు. అధికారంలో ఉన్నవారిని దించడం ఈ పద్ధతిలో తేలిక. 1952లో ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్షుడిని ఆయన సొంత జిల్లాలోనే ఓడించగలిగింది ఈ పద్ధతే. బలవంతుడిని నెత్తురు చిందకుండా ఇంటికి పంపగలగడం ఏ ఎన్నికల పద్ధతికైనా మొదటి పరీక్ష, అందులో మనది పాసైంది. మరి పది మందిలో నలుగురు ఓటేసిన పక్షానికి సభలో పదో వంతు బలం కూడా లేక, ప్రతిపక్ష నాయకుడి హోదా కోసమే పేచీ పడాల్సి వస్తే, ఆ నలుగురి తరఫున ప్రభుత్వాన్ని నిలదీసేదెవరు? 1977లోనూ ఇంతే. రాష్ట్రంలో కాంగ్రెస్‌కు వచ్చిన ఓట్లు 57 శాతం. దామాషాలో అయితే 42లో 24 సీట్లు రావాలి, 41 వచ్చాయి. జనతాకు ఓటేసిన మూడో వంతు జనానికి ఢిల్లీలో దక్కిన గొంతు ఒక్కటి.

దామాషా పద్ధతి పెడితే ఈ అన్యాయం పోతుంది. రాజ్యాంగ సభలో ఆ కోరిక వచ్చినప్పుడు అంబేడ్కర్ కాదన్నారు. దానికి అక్షరాస్యత కావాలి, పైగా సభ ముక్కచెక్కలై ప్రభుత్వం నిలబడదన్నది ఆయన వాదన. అక్షరాస్యత మాట ఇప్పుడు అంతగా నిలవదు. నేను వెనుకాడేది వేరే కారణంతో. వేరుశనగ ఎండిపోయి, పంటల బీమా రాక, బోరు ఎండిన రైతుకు ఫలానా మా ఎమ్మెల్యే అని వెళ్లి అడగడానికి ఒక మనిషి ఉండాలి. పార్టీ జాబితా నుంచి వచ్చిన సభ్యుడికి కళ్యాణదుర్గం అంటూ ప్రత్యేకంగా ఏ బాధ్యతా ఉండదు. న్యూజిలాండ్ 1996 నుంచి రెండూ కలిపిన పద్ధతి నడుపుతోంది. కొందరు నియోజకవర్గాల నుంచి వస్తారు, మిగిలినవారితో ఓట్ల దామాషాను సరిచేస్తారు. నేపాల్ ప్రతినిధుల సభలో 165 మంది నియోజకవర్గాల నుంచి, 110 మంది దామాషాలో వస్తారు. అయితే నేపాల్‌లో ఆ 110తో మిగతా లెక్కను సరిచేయరు, విడిగా పంచుతారంతే. మనకంటూ వస్తే న్యూజిలాండ్ దారే మేలు.

లెక్కలో ఇంకో చిక్కు ఓట్ల చీలిక. 2024లో మడకశిరలో తెలుగుదేశం అభ్యర్థి గెలిచింది 351 ఓట్లతో. మూడో స్థానంలో ఉన్న కాంగ్రెస్ అభ్యర్థికి వచ్చిన ఓట్లు ఆ 351కి ఎన్నో రెట్లు. ఆ ఓటర్లు మిగిలిన ఇద్దరిలో ఎవరిని కోరుకునేవారో ఆ బ్యాలెట్ అడగలేదు. అడిగే పద్ధతి మన దగ్గర లేక కాదు. అనంతపురం జేఎన్‌టీయూలోనే అలాంటి లెక్కింపు జరిగింది. 2023 మార్చిలో పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల స్థానానికి, అంటే ఉమ్మడి కడప, అనంతపురం, కర్నూలు జిల్లాలకు, శాసనమండలి ఎన్నిక జరిగింది. మొదటి ప్రాధాన్య ఓట్లలో ముందున్నది వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి వెన్నపూస రవీంద్రారెడ్డి. గెలుపుకు కావాల్సిన కోటాకు ఆయన చేరలేదు. అడుగున ఉన్నవారిని ఒక్కొక్కరినే తప్పిస్తూ, వారి బ్యాలెట్లలోని తర్వాతి ప్రాధాన్యాలను పంచుతూ పోయారు. తెలుగుదేశం, వామపక్షాల మధ్య రెండో ప్రాధాన్యం ఇచ్చిపుచ్చుకోవాలన్న అవగాహన ఉంది. మూడో స్థానంలో ఉన్న, వామపక్షాల మద్దతున్న పీడీఎఫ్ అభ్యర్థి ఓట్లు పంచాక తెలుగుదేశం అభ్యర్థి భూమిరెడ్డి రాంగోపాల్‌రెడ్డి ఏడు వేల పైచిలుకు ఆధిక్యంతో గెలిచారు.

ఓడినవైపువారికి ఇది కడుపుమంట కలిగించే విషయమే, ముందున్నవాడు ఎలా ఓడతాడని. 1969 అంకెలు చూస్తే జవాబు దొరుకుతుంది. చెల్లిన ఓట్ల విలువ 8,36,337, కోటా 4,18,169. మొదటి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, సి.డి.దేశ్‌ముఖ్‌కు 1,12,769. తక్కినవారందరినీ తప్పించి పంచాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. తీసివేత చేసి చూడండి. బదిలీ అయిన ఓట్లలో సంజీవరెడ్డికి కలిసింది 91,879, గిరికి 18,562 మాత్రమే. స్వతంత్ర, జనసంఘ్ మద్దతున్న దేశ్‌ముఖ్ ఓట్లు ఎక్కువగా సంజీవరెడ్డి వైపే వచ్చాయి. అయినా 14,650 తక్కువయ్యాయి. ఇందిరాగాంధీ ఆత్మప్రబోధం ప్రకారం ఓటేయమన్న పిలుపు, పార్టీ చీలిక అన్నీ వెనుక ఉన్నాయి. ఆ రాజకీయం అలా ఉంచితే, ఇద్దరే మిగిలినప్పుడు ఎక్కువమంది ఎవరిని ఒప్పుకుంటున్నారన్న ప్రశ్నకు ఆ లెక్క నిజాయతీగా జవాబిచ్చింది. 1969లో మొదట ముందున్న గిరే చివరికీ గెలిచారు. 2023లో మొదట ముందున్నవారు ఓడారు. పద్ధతి ఒకటే, అడిగిన ప్రశ్నా ఒకటే. శ్రీలంకలో 2024 అధ్యక్ష ఎన్నికలో ఎవరికీ సగం దాటక, ఆ దేశ చరిత్రలో తొలిసారి తర్వాతి ప్రాధాన్యాలు లెక్కించాల్సి వచ్చినప్పుడూ ఇదే ప్రశ్న.

ప్రాధాన్య ఓటులో లోపం చెల్లని ఓట్లు. పట్టా ఉన్నవారే టిక్కు పెట్టో, పేరు రాసో, ఇచ్చిన పెన్ను కాక సొంత పెన్ను వాడో వేలకొద్దీ ఓట్లు పాడుచేసుకుంటారు. అది ఓటరు తెలివితక్కువతనమని నేననుకోను. అంకె స్పష్టంగా తెలిసినా పెన్ను రంగు మారిందని ఓటును పారేయడం నిబంధన మొండితనం. అయితే అందులోనూ ఒక కారణం ఉంది. ప్రత్యేకమైన గుర్తుతో ఎవరి ఓటో పట్టుకోకూడదని ఆ రంగు నియమం పెట్టారు. గుట్టు కాపాడటానికే చెల్లుబాటును బలిచ్చారు.

పద్ధతుల శాస్త్రం గురించి ఇక్కడే ఒక్క మాట. ఎక్కువమంది ఇష్టాలను కూడితే అవి ఒకదాన్నొకటి తరుముకుంటూ చక్రం తిరగవచ్చని 1785లో ఫ్రాన్స్‌లో కోందోర్సే చూపించాడు. ముగ్గురూ అంతకన్నా ఎక్కువమందీ పోటీలో ఉన్నప్పుడు, మనం సహజంగా కోరుకునే కొన్ని మంచి లక్షణాలన్నీ ఒకే ర్యాంకుల పద్ధతిలో ఇమడవని 1951లో కెనెత్ ఆరో గణితంతో రుజువు చేశాడు. దీన్ని చూపి, ఏ పద్ధతైనా ఒకటేలే అని పెదవి విరిచేవారున్నారు. ఆరో చెప్పింది అది కాదు. ఏది వదులుకుంటున్నామో తెలిసి ఎంచుకోమన్నాడు. ఏ లోపం ఎవరి మీద పడుతుందో చూడటం మన పని.

ఇక రెండో ప్రశ్న. ఓటు లెక్కలోకి రావడానికి ముందు జాబితాలో పేరుండాలి. ఉరవకొండలో 2014లోనూ 2019లోనూ గెలుపోటముల తేడా రెండు వేల పైచిలుకు ఓట్లే. అలాంటి చోట నిబంధనలకు విరుద్ధంగా పేర్లు తీసేశారన్న ఫిర్యాదు మీద ఎన్నికల సంఘం విచారణ జరిపించింది. 2023లో అనంతపురం జిల్లాపరిషత్ సీఈవోలుగా పనిచేసిన ఇద్దరు అధికారులు సస్పెండ్ అయ్యారు. ఏ సూత్రమూ ఈ లోపాన్ని సరిచేయలేదు, పేరు లేనివాడికి రెండో ప్రాధాన్యం కూడా ఉండదు.

పేరుండీ ఊళ్లో లేనివారి సంగతి ఇంకా పెద్దది. వాన లేని ఏడు కదిరి, తనకల్లు, నల్లచెరువు వైపు పల్లెల నుంచి బెంగళూరుకూ కేరళకూ కూలికి పోతారు. సైనికులకు పోస్టల్ బ్యాలెట్ ఉంది, ఎన్నికల విధుల్లో ఉన్నవారికుంది, 2024లో 85 ఏళ్లు దాటినవారికి ఇంటి దగ్గరే ఓటు ఇచ్చారు. వలస కూలీకి ఏదీ లేదు. పోలింగ్ ముందురోజు బస్సులు వస్తాయి, ఆ బస్సు కిరాయి ఎవరు కట్టారో ఎక్కినవారందరికీ తెలుసు. ఓటర్లను అభ్యర్థులు ఉచితంగా వాహనాల్లో పోలింగ్ కేంద్రానికి చేర్చడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం అవినీతి చర్య. చట్టం ఆ దారి మూసింది సరే, మరో దారి తెరవలేదు. దూరంగా ఉన్నచోటి నుంచే 72 నియోజకవర్గాల దాకా ఓట్లు వేయించగల యంత్రాన్ని ఎన్నికల సంఘం 2023 జనవరిలో పార్టీలకు చూపిస్తానంది. పార్టీల అభ్యంతరాలతో అది అక్కడే ఆగింది. అభ్యంతరాలు ఊరికే వచ్చినవి కావు, బెంగళూరులో ఉన్న బూత్‌లో ఏజెంటుగా కూర్చునేదెవరన్న ప్రశ్నకు జవాబు రావాలి. కానీ అభ్యంతరం దగ్గరే ఆగిపోతే నష్టం పార్టీలది కాదు, కూలివాళ్లది. రాష్ట్రంలో 2024లో 80 శాతానికి పైగా పోలింగ్ జరిగిందని మురిసిపోయేటప్పుడు, అందులో ఎంతమంది ఎవరి చార్జీలతో వచ్చారో కూడా తలచుకోవాలి.

నా దృష్టిలో అన్నిటికన్నా బరువైనది గుట్టు. ఈ జిల్లాలో ఓటు గుట్టు ప్రాణం మీది విషయం. పెనుకొండ ఎమ్మెల్యే పరిటాల రవి 2005 జనవరి 24న అనంతపురం పార్టీ కార్యాలయంలోనే హత్యకు గురైన నేల ఇది. 2024 మే 13 పోలింగ్ తర్వాత తాడిపత్రిలో చెలరేగిన ఘర్షణలకు జిల్లా ఎస్పీ సస్పెన్షన్‌కు గురయ్యారు. యంత్రంలో మీట నొక్కేటప్పుడు ఎవరూ చూడరు, నిజమే. కానీ లెక్కింపు బూత్ వారీగా జరుగుతుంది, ఫారం 20లో బూత్ వారీగా ప్రచురిస్తారు. ఒక బూత్‌లో వెయ్యి, పదిహేను వందల లోపు ఓటర్లు. చిన్న ఊరికి బూత్ ఒక్కటే. మన బూత్‌లో అవతలివాడికి 63 పడ్డాయి అని తెలిస్తే, ఆ 63 ఎవరివో ఊహించడానికి ఊరి పెద్దకు సాయంత్రం దాకా కూడా పట్టదు. ఒక్కొక్క ఓటు గుట్టుగానే ఉంటుంది, వాడ గుట్టు మాత్రం బయటపడుతుంది. ఆ తర్వాత కుళాయి ఏ వీధికి ఆగుతుంది, ఇంటి పట్టా ఎవరికి రాదు, ఉపాధి పనిలో ఎవరి పేరు వెనక్కి పోతుంది అన్నది చెప్పక్కర్లేదు.

కాగితపు బ్యాలెట్ల కాలంలో దీనికి మందు ఉండేది. భయపెట్టే ప్రమాదం ఉన్నచోట పెట్టెల్లోని బ్యాలెట్లను కలిపేశాకే లెక్కించమని ఎన్నికల సంఘం ఆదేశించవచ్చని 1961 ఎన్నికల నిర్వహణ నిబంధనల్లో 59ఏ చెబుతుంది. ఓటింగ్ యంత్రాలతో ఆ రక్షణ పోయింది. కొన్ని యంత్రాలను కలిపి మొత్తం మాత్రమే చూపే టోటలైజర్ అనే పరికరాన్ని వాడనివ్వమని ఎన్నికల సంఘం 2008లోనే కేంద్రాన్ని అడిగింది. 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో అదే సిఫారసు చేసింది. కేంద్రం ఒప్పుకోలేదు. బూత్ లెక్క తెలిస్తే పార్టీలు వెనుకబడినచోట పని చేసుకోవచ్చునన్న వాదన వినిపించింది. ఈ సీమలో ఆ లెక్కతో జరిగే పని ఏమిటో తెలిసినవారు ఆ వాదనను ఒప్పుకోలేరు.

ఎదురు వాదనల్లో ఒకదానికి మాత్రం బరువుంది. బూత్ లెక్క బయట ఉంటేనే మోసాన్ని పట్టుకోగలం. చంద్రబాబు నాయుడు సహా ప్రతిపక్ష నాయకులు వేసిన పిటిషన్ మీద 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ప్రతి శాసనసభ స్థానంలో ఐదు బూత్‌ల వీవీప్యాట్ చీటీలను యంత్రాల లెక్కతో సరిపోల్చమంది. ఆ ఐదింటి లెక్క బయటపడక తప్పదు. అలాగే పోలైన ఓట్లెన్నో చెప్పే ఫారం 17సి ప్రతి బూత్‌కూ బయట ఉండాల్సిందే. ఎన్ని ఓట్లు పడ్డాయో బూత్ వారీగా, ఎవరికి పడ్డాయో పది పదిహేను బూత్‌లు కలిపి చెబితే మోసమూ దొరుకుతుంది, వాడా బతుకుతుంది.

ఏకగ్రీవాల సంగతి దీనికి తోబుట్టువు. 2021 పంచాయతీ ఎన్నికల్లో ఏకగ్రీవమైతే 2 వేల లోపు జనాభా ఉన్న పంచాయతీకి 5 లక్షలు, 10 వేలు దాటితే 20 లక్షలు ప్రోత్సాహకం ప్రకటించారు. ఊరు కలిసి కూర్చుని ఒక మంచి మనిషిని ఎంచుకోవడం వేరు, నామినేషన్ వేయబోయినవాడిని రాత్రికి రాత్రి ఒప్పించడం వేరు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా చెప్పగలిగేది గుట్టుగా వేసిన ఓటొక్కటే. ఒక్కరే బరిలో ఉన్నా ఒప్పుకోను అనే మీట ఉన్న రహస్య ఓటింగ్ పెట్టి, సగానికి మించి ఒప్పుకుంటేనే గెలుపు అని రాస్తే ఏకగ్రీవం నిజమో కాదో తేలుతుంది. ఆ పరీక్ష లేకుండా డబ్బు ఇవ్వడం తప్పు.

సీట్ల బరువు గురించి చెప్పకుండా సమీక్ష పూర్తికాదు. 1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన ఒప్పందంలో నీళ్లు, విశ్వవిద్యాలయం, రాజధానితోపాటు శాసనసభ సీట్ల ప్రస్తావన కూడా ఉంది. సాధారణ స్థానాలను జిల్లాలకు సమానంగా పంచాలన్నది అందులో మాట. అనంతపురం నుంచి కల్లూరు సుబ్బారావు, పప్పూరు రామాచార్యులు అందులో ఉన్నారు. ఉమ్మడి అనంతపురం విస్తీర్ణం 19,130 చదరపు కిలోమీటర్లు, రాష్ట్రంలో అన్నిటికన్నా పెద్దది. నీళ్లు లేనిచోట జనం పలచన. తలలు లెక్కపెట్టి సీట్లు పంచితే నీళ్లున్న డెల్టా గెలుస్తుంది, గెలిచినవారు నీళ్లను ఇంకా అటే తీసుకుపోతారు. ఆ భయం ఆనాడు సీమది. జనాభాను అదుపులో పెట్టినందుకు లోక్‌సభలో సీట్ల వాటా తగ్గుతుందేమోనన్న భయం ఇప్పుడు దక్షిణాది మొత్తానిది. ఒక మనిషికి ఒకే విలువ అన్న సూత్రాన్ని నేను వదులుకోలేను. అయితే ఆ సూత్రం ఒక ప్రాంతాన్ని ఎప్పటికీ ఓడిపోయే వైపే ఉంచుతుంటే, నీళ్లూ నిధులూ పంచే నిర్ణయాలకు వేరే కట్టుబాటు కావాలి. శ్రీబాగ్ ఆ రెండింటినీ ఒకే కాగితం మీద రాసింది.

రిజర్వుడు స్థానాలదీ ఇలాంటి ముడే. శింగనమల, మడకశిర ఎస్సీలకు కేటాయించినవి. 1932 పూనా ఒప్పందం ప్రకారం అభ్యర్థి దళితుడే, ఓటర్లు మాత్రం అందరూ. అందువల్ల గెలవాలంటే మిగతా కులాల పెద్దల ఆమోదం తప్పదు. అంబేడ్కర్ తర్వాత దీన్ని గురించి బాధపడ్డారు. ప్రాధాన్య ఓటు ఇక్కడ ఎంతో కొంత సాయపడవచ్చు. పెద్దపార్టీ టికెట్ లేని దళిత అభ్యర్థికి మొదటి ప్రాధాన్యం ఇచ్చినా ఆ ఓటు వృథా కాదని తెలిస్తే, అలాంటివారు నిలబడటానికి ధైర్యం వస్తుంది.

ఈ మార్పుల్లో దామాషాకు రాజ్యాంగాన్నే సవరించాలి, ఎందుకంటే శాసనసభ్యులను ప్రాదేశిక నియోజకవర్గాల నుంచి నేరుగా ఎన్నుకోవాలని 170వ అధికరణ అంటోంది. నియోజకవర్గాలను అలాగే ఉంచి ప్రాధాన్య ఓటు పెట్టాలంటే చట్టం మారిస్తే చాలు. సర్పంచి ఎన్నికలో దాన్ని ముందుగా ప్రయత్నించడానికి రాష్ట్ర శాసనసభ 1994 పంచాయతీరాజ్ చట్టాన్ని సవరిస్తే సరిపోతుంది. బూత్‌లు కలిపి లెక్కించడానికి అదీ అక్కర్లేదు. యంత్రాల లెక్కింపును చెప్పే 66ఏ నిబంధనను కేంద్రం ఒక నోటిఫికేషన్‌తో మార్చవచ్చు. లా కమిషన్ అడిగింది అంతే. ఎక్కడెక్కడ అవసరమో నిర్ణయించే అధికారం ఎన్నికల సంఘానికి ఇచ్చి, తాడిపత్రి, ధర్మవరం, రాప్తాడు లాంటి చోట్ల మొదలుపెట్టమని అడుగుతున్నాను.